పెరటి నల్లాకు ఎంత లావు పైపు?

ఇల్లూ వాకిలీ

లావు పైపు వేస్తే ఫోర్సు తగ్గుతుందా? సన్న పైపు వేస్తే నీళ్లు ఉరికి వస్తాయా? బయటి నల్లా బిగించే ముందే తేల్చుకోవాల్సిన లెక్క ఇది. ఆ పైపు ఒకసారి నేలలోకి వెళ్లిందంటే మళ్లీ ఏ పదేళ్లకో ఇరవయ్యేళ్లకో గానీ పైకి రాదు మరి!

ఇల్లు కట్టేటప్పుడు గడప ఎత్తు దగ్గర్నుంచి గోడల రంగు దాకా ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకుంటారు. వంటగట్టు ఎటువైపు ఉండాలి, స్నానాల గదిలో టైల్స్ ఏ రంగువి... అన్నిటికీ చర్చే. పెరట్లో నల్లా సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఎప్పుడో చివర్లో, ప్రహరీ లేస్తున్న రోజున గుర్తొస్తుంది. లోపలి పనికి తెచ్చిన వాటిలో మిగిలిన అరంగుళం పైపు ముక్కలు ఏరి, అతికించి, గోడ వెంట లాగి ఒక నల్లా బిగించేస్తారు. నీళ్లు వస్తున్నాయా అంటే వస్తున్నాయి. కాకపోతే దారంలా!

పట్నంలో బయటి నల్లా అంటే బండి కడుక్కోవడానికి, నాలుగు కుండీలకు నీళ్లు పోయడానికి. పల్లెలో అలా కాదు. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ దాటి కర్ణాటక సరిహద్దు వైపు వెళితే న్యాల్‌కల్ వస్తుంది. అలాంటి ఊళ్లో పెరటి నల్లాయే ఇంటికి అసలు నల్లా. అంట్లు తోమేది అక్కడే. బట్టలు ఉతికేది అక్కడే. వాకిట్లో చల్లే నీళ్లు, గేదెలు తాగే తొట్టి, పొలం నుంచి వచ్చాక కాళ్లు కడుక్కోవడం... అన్నీ ఆ నల్లా కిందే. ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు దాని దగ్గర గడిపేది ఆడవాళ్లు. అందుకే ఇది పైపు లెక్క మాత్రమే కాదు, వాళ్ల పొద్దు లెక్క కూడా.

బలమంతా ఎత్తుదే

నల్లాలో నీళ్లకు ఆ తోపుడు ఎక్కణ్నుంచి వస్తుంది? డాబా మీది ట్యాంకు ఎత్తు నుంచి. పొరుగునే ఉన్న బీదర్‌లో బహమనీ సుల్తానుల కాలం నాటి కరేజ్ ఉంది. 15వ శతాబ్దంలో భూమి కింద సొరంగం తవ్వి, కేవలం వాలు మీదే నీళ్లను నడిపించిన ఏర్పాటు అది. మన ట్యాంకు నీళ్లను నడిపేదీ ఎత్తుపల్లాల తేడానే. ట్యాంకును నింపేవరకే మోటారు పని. అక్కణ్నుంచి నల్లా దాకా నీళ్లు వాటంతటవే దిగి రావాలి.

10 మీటర్ల ఎత్తున్న నీళ్లు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడినిస్తాయి. ఒక్క అంతస్తు ఇల్లు, డాబా మీద నాలుగడుగుల దిమ్మె, దానిపైన ట్యాంకు అనుకోండి. ట్యాంకు అడుగు నుంచి పెరటి నల్లాకు ఉండే ఎత్తు 13 అడుగులు, అంటే 4 మీటర్లు. ఒత్తిడి 0.4 కిలోలు. అంతే!

అమెరికాలో మనవాళ్ల ఇళ్ల సంగతి వేరు. అక్కడ చాలాచోట్ల వీధి పైపులోంచే 3 నుంచి 4 కిలోల ఒత్తిడితో నీళ్లు నేరుగా ఇంట్లోకి వస్తాయి. పది అంతస్తుల మేడ మీద ట్యాంకు పెట్టినంత బలమన్నమాట. అంత తోపుడు ఉన్నప్పుడు అరంగుళం పైపైనా ధార బాగానే వస్తుంది. అక్కడివాళ్లు తోటపని వీడియోల్లో చూపించే కొలతలు మన పెరట్లో అదే ఫలితం ఇవ్వకపోవడానికి కారణం ఇదే. వాళ్ల ఒత్తిడిలో మనకున్నది పదో వంతు. ఆ పదో వంతునైనా దారిలో పోగొట్టుకోకుండా నల్లా దాకా తెచ్చుకోవాలి. లావు పైపు చేసే పని అదే.

వేలు అడ్డం పెడితే...

"పైపు సన్నగా ఉంటేనే ఫోర్సు వస్తుంది" అని చాలామంది గట్టిగా నమ్ముతారు. రుజువు కూడా చూపిస్తారు. రబ్బరు పైపు చివర వేలు అడ్డం పెడితే నీళ్లు అల్లంత దూరం చిమ్ముతాయి కదా అంటారు. నిజమే, చిమ్ముతాయి. అయితే అప్పుడు సన్నబడింది పైపు మొత్తం కాదు, చివరి కొస మాత్రమే. కొస మూసుకుపోయేకొద్దీ పైపులో నీళ్లు నెమ్మదిస్తాయి. నెమ్మదిగా కదిలే నీళ్లకు గోడల రాపిడి తక్కువ. దాంతో ట్యాంకు ఎత్తు ఇచ్చిన ఒత్తిడి దాదాపు మొత్తం కొస దాకా వచ్చి, అక్కడ ధారగా బయటపడుతుంది. కానీ ఆ ధారకు ఒక బకెట్ పెట్టి చూడండి. వేలు తీసేసినప్పటి కంటే ఆలస్యంగా నిండుతుంది.

పైపు మొత్తం సన్నగా ఉంటే జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. అడుగడుగునా రాపిడి ఒత్తిడిని తినేస్తుంది. నల్లా దగ్గరికి వచ్చేసరికి నీళ్లలో పస ఉండదు. పైపు లోపలి వ్యాసం ఒకటిన్నర రెట్లయితే, అంతే నీళ్లు ప్రవహించడానికి పోయే ఒత్తిడి దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. వ్యాసంలో చిన్న తేడాకు ఫలితంలో ఇంత పెద్ద తేడా!

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. లావు పైపు కొత్తగా ఒత్తిడినేమీ పుట్టించదు. నల్లా కట్టేసి ఉన్నప్పుడు అరంగుళం పైపులోనైనా, రెండంగుళాల పైపులోనైనా ఒత్తిడి ఒకటే. నల్లా విప్పాకే తేడా తెలుస్తుంది.

ఒక ఇంటి లెక్క

న్యాల్‌కల్‌లో ఒక ఇల్లు ఊహించుకుందాం. పైన చెప్పినట్టే ట్యాంకు అడుగు నుంచి నల్లాకు 4 మీటర్ల ఎత్తు. డాబా మీది నుంచి దిగి, ఇంటి పక్కగా వెళ్లి, పెరడు దాటి గేదెల కొట్టం దాకా 100 అడుగుల పైపు. మలుపులు, వాల్వులు పెట్టే అడ్డు కూడా కలిపితే 36 మీటర్ల పైపు కింద లెక్క. ఇళ్లల్లో ఎక్కువగా వాడే సీపీవీసీ పైపు వేశారనుకుందాం. నల్లా మాత్రం మామూలు అరంగుళానిదే. అప్పుడు నిమిషానికి వచ్చే నీళ్లు ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి.

అరంగుళం పైపు: 7 లీటర్లు.
ముప్పావు అంగుళం పైపు: 17 లీటర్లు.
అంగుళం పైపు: 25 లీటర్లు.

అరంగుళం నుంచి ముప్పావుకు వెళితే నీళ్లు రెట్టింపును మించి పెరిగాయి. ముప్పావు నుంచి అంగుళానికి వెళితే ఒకటిన్నర రెట్లే. ఎందుకంటే అక్కడికి వచ్చేసరికి పైపు కంటే నల్లాయే పెద్ద అడ్డంకి అయిపోతుంది. అందుకే ఇలాంటి పెరటికి ముప్పావు అంగుళం సరైన కొలత.

ఇక పొద్దు లెక్కకు వద్దాం. 200 లీటర్ల డ్రమ్ము అరంగుళం పైపుతో నిండాలంటే దాదాపు అరగంట. ముప్పావుతో 12 నిమిషాలు. పాడిగేదె ఎండాకాలంలో రోజుకు 70, 80 లీటర్లు సులువుగా తాగుతుంది. రెండు గేదెల తొట్టి, అంట్లు, బట్టలు, వాకిలి కలిపి ఆ నల్లా నుంచి రోజుకు 400 లీటర్లు పడతారనుకుంటే అరంగుళానికి గంట, ముప్పావుకు 24 నిమిషాలు. రోజుకు అరగంటకు పైగా తేడా. ఏడాదికి అది 200 గంటలు! బిందె నిండేదాకా పక్కనే నిలబడకపోవచ్చు. కానీ ఏ పని చేస్తున్నా ఒక చెవి అటే పడేసి ఉండాలి. కట్టేటప్పుడు పైపులో మిగిలించిన కొద్దిపాటి డబ్బుకు ఈ 200 గంటలు వడ్డీ అన్నమాట. ఏటా కట్టే వడ్డీ!

రెండు నల్లాలు ఒకేసారి విప్పితే? అరంగుళం పైపు చివర రెండున్నాయంటే ఒక్కోదానికి మూడున్నర లీటర్లకు మించి రావు. ముప్పావు మీదైతే ఒక్కోదానికి తొమ్మిది, పది లీటర్లు వస్తాయి. ఒకరు బట్టలు ఉతుకుతుంటే ఇంకొకరు తొట్టి నింపుకోవచ్చు.

ట్యాంకు ఎత్తు పెంచితే సరిపోదా అనిపించవచ్చు. దిమ్మెను ఇంకో మూడడుగులు లేపినా అరంగుళం పైపులో పెరిగే నీళ్లు ఎనిమిదో వంతే. ఇటుకలు, సిమెంటు, మేస్త్రీ కూలీ... అంత ఖర్చుకు వచ్చే లాభం అంత. పైపు మార్చడమే చవక.

'అరంగుళం' అన్నీ ఒకటి కావు

దుకాణానికి వెళ్లి "అరంగుళం పైపివ్వండి" అంటే సరిపోదు. ఏ రకం అన్నది కూడా ముఖ్యమే. నీళ్లు పారేది లోపలి రంధ్రంలోంచి కదా. అరంగుళం సీపీవీసీ పైపు లోపల ఉండేది 12 మిల్లీమీటర్ల పైచిలుకు. అదే అరంగుళం పేరుతో అమ్మే షెడ్యూల్ 40 యూపీవీసీ పైపు లోపల దాదాపు 16. చూడ్డానికి నాలుగు మిల్లీమీటర్లే తేడా. పారే నీళ్లలో మాత్రం రెట్టింపుకు దగ్గర. ముప్పావు అంగుళంలోనూ ఇదే తంతు. సీపీవీసీ లోపల 18, యూపీవీసీ లోపల 21.

సీపీవీసీ వేడినీళ్లకు తట్టుకుంటుంది. గీజరు లైన్లకు అదే కావాలి. పెరటి నల్లాకు వచ్చేవి చన్నీళ్లే కాబట్టి యూపీవీసీ చాలు. షెడ్యూల్ 80 అని ఇంకోటి ఉంటుంది. దాని గోడ మందం, కాబట్టి లోపలి రంధ్రం చిన్నది. మందంగా ఉంది కదా మంచిదని తీసుకుంటే నీళ్లు తగ్గుతాయి. చుట్టగా దొరికే నల్ల హెచ్‌డీపీఈ పైపు మీద రాసేది బయటి కొలత. 20 ఎంఎం అంటే లోపల 15, 16కు మించదు. పాత ఇళ్లలోని ఇనుప జీఐ పైపుల సంగతి చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి తుప్పు, సున్నం పేరుకుని అరంగుళం కాస్తా పెన్సిలు మందానికి వచ్చేస్తుంది.

ఎక్కడ ఎంత?

ట్యాంకు నుంచి దిగే పైపు అంగుళంపావు ఉంటే మంచిది, కనీసం అంగుళం. దాన్నుంచి పెరటికి వెళ్లే లైను వంటింటికో స్నానాల గదికో వెళ్లే కొమ్మ నుంచి తీయకూడదు. దించిన పైపు నుంచే విడిగా తీసి, మొదట్లో ఒక బాల్ వాల్వ్ పెట్టుకోవాలి. మరమ్మతు వస్తే ఇంటికంతా నీళ్లు ఆపకుండా అది ఒక్కటి కట్టేయొచ్చు.

నల్లా 20, 30 అడుగుల లోపే ఉండి, చేతులు కడుక్కోవడానికో నాలుగు కుండీలకో అయితే అరంగుళం చాలు. తొట్టికి, డ్రమ్ముకు, బట్టల బండకు ముప్పావు వేయాలి. 150 అడుగులు దాటినా, రెండు మూడు నల్లాలు ఒకేసారి విప్పే అలవాటున్నా లైనంతా అంగుళం తీసుకెళ్లి, నల్లాల దగ్గర ముప్పావు కొమ్మలు తీయాలి. నల్లా బిగించే చివరి అడుగు దగ్గర మాత్రమే అరంగుళానికి తగ్గించాలి. దారి మధ్యలో పదడుగుల సన్న ముక్క అతికించారో, ముప్పావు పైపు వేసిన ఫలితంలో కొంత భాగం ఆ ముక్కే మింగేస్తుంది.

కూరగాయ మొక్కలకు డ్రిప్ పెట్టుకునేవాళ్లకు మాత్రం లావు పైపుతో పనిలేదు. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పర్లు 20 పెట్టినా గంటకు 80 లీటర్లే. నిమిషానికి లీటరు పైచిలుకు. దానికి అరంగుళం నిక్షేపంగా సరిపోతుంది.

మలుపులూ అడ్డమే

అరంగుళం పైపులో ఒక్కో ఎల్బో అర మీటరు పైపుతో సమానం. గోడ మూలలన్నీ చుట్టి వచ్చే లైనుకు పది మలుపులుంటే ఐదు మీటర్ల పైపు అదనంగా వేసినట్టే. చక్రం తిప్పి తెరిచే గ్లోబ్ రకం వాల్వ్ ఒక్కటే ఐదు మీటర్ల పైపంత అడ్డు పెడుతుంది. పిడిని పావు తిప్పు తిప్పితే తెరుచుకునే బాల్ వాల్వ్‌లో ఆ బెడద లేదు. రంధ్రం పైపంత వెడల్పు ఉన్నదే అడిగి తీసుకోవాలి.

ఇంకో శత్రువు గాలి. మన దగ్గర ఒత్తిడి తక్కువ కాబట్టి, పైపు ఎక్కడైనా గోడెక్కి దిగినా, గుమ్మం మీదుగా వంపు తిరిగినా ఆ ఎత్తులో గాలి చిక్కుకుంటుంది. ఎంత లావు పైపు వేసినా నీళ్లు గురకపెడుతూ ఆగి ఆగి వస్తాయి. ట్యాంకు నుంచి నల్లా దాకా పైపు దిగుతూ పోవాలే తప్ప మధ్యలో లేవకూడదు. ట్యాంకు నుంచి పైపు బయటికొచ్చిన చోటే, ట్యాంకు పైఅంచును దాటేలా ఒక గాలి పైపు నిలబెట్టించాలి.

నేల చూసి పాతాలి

జహీరాబాద్ ప్రాంతంలో ఎర్రనేలలూ ఉన్నాయి, నల్లరేగళ్లూ ఉన్నాయి. నల్లరేగడి ఎండాకాలంలో నోళ్లు తెరుస్తుంది, వానాకాలంలో ఉబ్బుతుంది. ఆ కదలికకు ప్లాస్టిక్ పైపు అతుకులు వదిలేస్తాయి. కాలువను అడుగున్నర లోతు తవ్వి, పైపు కిందా పైనా ఇసుక పోసి కప్పితే నేల కదిలినా పైపు మీద భారం పడదు. ఎర్రమొరం నేలలో తవ్వడమే కష్టం. అలాగని పైపును పైనే వదిలేయకూడదు. ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. గడ్డి తెచ్చిన బండి చక్రం పడితే పగులుతుంది. కంకర రాళ్లు నేరుగా పైపుకు తగలకుండా అక్కడా ఇసుక పోయాల్సిందే.

భగీరథ నల్లాకు వేరే లెక్క

2016లో మొదలైన మిషన్ భగీరథ పథకంలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల నీళ్లు ఇవ్వాలన్నది లక్ష్యం. జహీరాబాద్ వైపు ఊళ్లకు సింగూరు నీళ్లు ఆధారం. ఆ కనెక్షన్ పైపు కొలత మన చేతిలో ఉండదు. గడప దాకా సన్న పైపులో వచ్చిన నీళ్లు ఆ తర్వాత లావు పైపు వేసినంత మాత్రాన పెరగవు. వాటిని సంపులోకో ట్యాంకులోకో పట్టుకుని, అక్కణ్నుంచి మన లైను మనం వేసుకోవడమే దారి.

ఆ లైనుకు నేరుగా మోటారు బిగించడం మాత్రం తప్పు. మనం లాగేవి పక్కింటి నీళ్లు. పైగా మోటారు పీలిస్తే పైపు పగుళ్లలోంచి మోరీ నీళ్లు కూడా లోపలికి వచ్చేస్తాయి. చివరికి అవి చేరేది అందరి బిందెల్లోకీ.

ధారాళం వేరు, దుబారా వేరు

లావు పైపుకు ఒక చెడ్డగుణం ఉంది. మరచిపోయి వదిలేస్తే పోయేదీ ఎక్కువే. పది నిమిషాలు వదిలేసిన నల్లాలోంచి అరంగుళం మీద 70 లీటర్లు పోతే, ముప్పావు మీద 170 పోతాయి. ఒక మనిషికి రోజుకు లెక్కగట్టిన నీళ్ల కంటే అది ఎక్కువ. అందుకని పెద్ద పైపు వేసేవాళ్లు నల్లాలో పీనాసితనం చూపించకూడదు. పావు తిప్పుతో ఠక్కున కట్టేసుకునే మంచి ఇత్తడి నల్లా పెట్టుకోవాలి. వాషర్ అరిగి చుక్కలు కారుతుంటే ఆ రోజే మార్చేయాలి. రబ్బరు పైపుతో మొక్కలకు పెట్టేటప్పుడు కొసకు కట్టేసే మూతి ఉంటే మొక్కకూ మొక్కకూ మధ్య నీళ్లు నేలపాలు కావు.

ఇంకో జాగ్రత్త ప్రాణాలకు సంబంధించినది. నల్లా మూతి గానీ దానికి తగిలించిన రబ్బరు పైపు గానీ తొట్టి నీళ్లలో మునిగి ఉండకూడదు. లైనులో నీళ్లు ఆగిపోయినప్పుడు పైపు వెనక్కి పీలుస్తుంది. గేదెల తొట్టి నీళ్లు, మందు కలిపిన డ్రమ్ము నీళ్లు మనం తాగే లైనులోకి ఎక్కేస్తాయి. తొట్టి అంచుకు కనీసం రెండంగుళాల పైన నల్లా మూతి ఉండాలి. పురుగుమందు కలిపే డ్రమ్ములోకి రబ్బరు పైపు అసలు వేయనే వద్దు. బకెట్‌తో పోసుకోవాలి.

ఇప్పటికే వేసేశారా?

ఇంట్లో 15 లీటర్ల బకెట్, చేతికి గడియారం ఉంటే చాలు. నల్లా పూర్తిగా విప్పి బకెట్ ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. నిమిషంలోపు నిండితే దిగుల్లేదు. రెండు నిమిషాలు దాటితే ఆలోచించాలి. తర్వాత ట్యాంకు పైపుకు దగ్గర్లో, అదే ఎత్తులో ఉన్న నల్లా దగ్గర ఇదే పరీక్ష చేయండి. అక్కడ బాగా వచ్చి పెరట్లో రాకపోతే తప్పు దారిలోని పైపుది. రెండుచోట్లా దారంలాగే వస్తుంటే తప్పు పైనే ఉంది. ట్యాంకు మూతి దగ్గర చెత్త అడ్డం పడిందేమో, వాల్వ్ సగమే తెరుచుకుందేమో చూడాలి.

పైపుదే తప్పని తేలితే పాతది తవ్వి తీయనక్కర్లేదు. దాన్ని అలాగే ఉంచి, పక్కనే ముప్పావు లైను కొత్తగా వేసి తొట్టి దగ్గరికి తీసుకెళ్లండి. పాత లైను కుండీలకు, కాళ్లు కడుక్కోవడానికి పనికొస్తుంది.

కొత్త ఇల్లు కట్టేవాళ్లు ప్లంబర్ వచ్చిన మొదటి రోజే అడగాల్సినవి మూడే. ట్యాంకు అడుగుకు, నల్లాకు ఎత్తు తేడా ఎంత? పైపు పొడవెంత? ఒకేసారి ఎన్ని నల్లాలు విప్పుతాం? మూడో ప్రశ్నకు జవాబు మేస్త్రీకి తెలియదు, ఇంటి యజమానికీ తెలియకపోవచ్చు. పొద్దున్నే ఆ నల్లా దగ్గర నిలబడే ఇల్లాలిని అడగండి. కాలువ పూడ్చకముందే!